కిందనుంచి రావలసిన మాట

ఆ వీధుల్లో అందరూ అతన్ని పైవాడు అనే పిలిచేవాళ్లు. దేవుణ్ణి కూడా అలాగే అంటారు కదా అని ఎవరైనా వెటకారమాడితే, "ఆయనకి తాడు అక్కర్లేదు, నాకు కావాలి. అంతే తేడా" అనేవాడు.

చెట్లు కొట్టడం అతని పని. అడవిలో చెట్లు కాదు, ఇళ్ల మధ్య చెట్లు. ఎవరో ముచ్చటపడి పెరట్లో నాటుతారు. అది పెరిగి గోడ మీదికో, రేకుల మీదికో, కరెంటు తీగ మీదికో వాలుతుంది. అప్పుడు నెత్తిన చేతులు పెట్టుకుని "ఇంత ఎదుగుతుందనుకోలేదండీ" అంటారు. అలాంటి చెట్టుని మొదలంటా నరికితే అది తనకి ఇష్టమొచ్చిన చోట పడుతుంది. అందుకే పైకెక్కాలి. ముందు కొమ్మలు, తర్వాత తల, ఆ తర్వాత మాను, అన్నీ ముక్కలు ముక్కలుగా దింపుకుంటూ రావాలి.

అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పైన ఒకడు, కింద ఒకడు ఉండాలి. పైనున్నవాడు కోయబోయే కొమ్మకి తాడు కట్టి, ఆ తాడుని ఇంకా పైనున్న పంగలోంచి కిందికి వదులుతాడు. కిందివాడు దాన్ని చెట్టు మొదలుకి మెలికలు తిప్పి, బిగబట్టి నిలబడతాడు. పైనుంచి "తాడు!" అని కేక వస్తుంది. కిందివాడు తాడు చూస్తాడు, తీగ చూస్తాడు, కొమ్మ ఊగితే ఎంతవరకు వస్తుందో చూస్తాడు. అన్నీ కుదిరాయనుకుంటే "సరే!" అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకే రంపం కదలాలి.

వాళ్లిద్దరికీ ఇందులో ఒక కట్టుబాటు ఉండేది. కిందివాడు సరే అన్నాక పైవాడు తీగ వైపు చూడకూడదు. పైనుంచి చూస్తే తీగ ఎప్పుడూ ఉన్నదానికంటే దూరంగానే కనిపిస్తుంది. పోనీ దగ్గరగా కనిపించిందా, చెయ్యి వణుకుతుంది. ఎటు చూసినా నష్టమే. అందుకని తీగ కిందివాడిది, రంపం పైవాడిది. వాళ్లు పంచుకున్న ఆస్తి అదొక్కటే.

కిందివాడంటే ఎవరో కాదు, బావమరిది. పైవాడి పెళ్లయిన కొత్తలో భార్య ఒకరోజు, "మా తమ్ముడికేదైనా పని చూపించండి. ఇంట్లో పడుండి నా ప్రాణం తోడేస్తున్నాడు" అంది. మర్నాడే వాడి చేతిలో తాడు పెట్టాడు. అంతే, ఏళ్లు గడిచిపోయాయి. పొద్దున్నే కలిసి వెళ్లేవాళ్లు, సాయంత్రం ఒకే ఇంటికి వచ్చేవాళ్లు. ఎవరి పని కష్టమో తేల్చుకోలేక అన్నం ముందు కూర్చుని కొట్టుకునేవాళ్లు. "ఇద్దర్నీ కలిపి చెట్టుకి కట్టేస్తే నాకు సుఖం" అని ఆవిడ ఇద్దరి కంచాల్లోనూ ఒకేసారి వడ్డించేది.

ఆవిడ జ్వరమని ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలకి ఒక ఫోటో స్టూడియో ఆయన పెరట్లో పని పడింది. పైవాడు తాడు కట్టి కేకేశాడు. కిందనుంచి సరే అని వచ్చింది. అప్పుడు పైవాడు నడుం తిప్పి, తనని మానుకి కట్టి ఉంచిన బెల్టు మీద వాలి, తీగ వంక చూశాడు. చూసి, మళ్లీ తిరిగి, కొమ్మ కోశాడు. కొమ్మ దూదిలా దిగింది. బావమరిది దాన్ని నేలకి ఆనించి, తాడు విప్పి, "దిగు బావా" అన్నాడు.

దిగాడు.

"చూశావు."

"ఏం చూశాను?"

"నేను సరే అన్నాక తీగ చూశావు."

"ఊరికే అటు తిరిగానురా."

"ఊరికే తిరిగితే మెడ తిరుగుతుంది. నీ నడుం తిరిగింది."

స్టూడియో ఆయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో పైవాడికి ఒళ్లు మండింది, నోరు జారింది. "అవును, చూశాను. పడితే విరిగేది నా నడుం. నీకేం పోయింది?"

బావమరిది అరవలేదు. అరిచినా బాగుండేది. "అంతేలే" అని చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఇంటికీ రాలేదు. ఆ చెట్టు సగంలో ఆగిపోయింది, వీళ్ల మాటలూ ఆగిపోయాయి. ఏడాది పైనే అయింది.

ఎందుకు చూశాడో పైవాడికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు, అంతే. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? వెల్డింగు షాపు మీద ఒకే ఒక్క గది. కింద చువ్వలు కోస్తుంటే పైన గచ్చు కూడా అదురుతుంది. వాన పడిన రోజు తాడు తడిస్తే ఈ గోడనుంచి ఆ గోడకి ఆరేసుకోవాలి. దాని కిందనుంచి వంగి పొయ్యి దగ్గరికి వెళ్లాలి. "ఇల్లా ఇది, పడవా?" అని ఆవిడ సణుగుతూ వంగేది. ఇప్పుడు సణిగేవాళ్లు లేరు, అతనొక్కడే వంగుతున్నాడు. ఒంటికాయ సొంటికొమ్ములా బతకడం కొందరికి చేతనవుతుంది. అతనికి చేతకాలేదు. అన్నం వార్చి "అయిందోయ్" అని గట్టిగా అనేవాడు. అన్నాక తన గొంతు తనకే ఎబ్బెట్టుగా ఉండి, రేడియో పెట్టుకునేవాడు.

తాడు పట్టడానికి కూలికి మనుషుల్ని తెచ్చుకోకపోలేదు. ఒకడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే "సరే" అనేవాడు. ఇంకొకడు "తా" అనగానే "సరే సరే సరే" అని మూడుసార్లు ఒప్పేసుకునేవాడు. వాణ్ణి నమ్ముకుని పైకెక్కడం కంటే మిద్దె మీంచి దూకడం నయం. అందుకని తీగలు లేని చోట చిన్నాచితకా చెట్లు ఒప్పుకుని, తాడు కింద దేనికో కట్టేసి, తనే ఎక్కడం దిగడం మొదలుపెట్టాడు. కొమ్మకొకసారి దిగాలి, తాడు బిగించాలి, మళ్లీ ఎక్కాలి. సాయంత్రానికి మోకాళ్లు ఉన్నాయో లేవో తెలిసేది కాదు.

అక్కడే ఒక తమాషా జరిగింది. పైన రంపం పట్టుకుని అలవాటుకొద్దీ "తాడు!" అని కేకేసేవాడు. కింద ఎవరూ లేరని తెలుసు. తెలిసినా జవాబు వినబడకపోతే చెయ్యి కదిలేది కాదు. ఎంత తిట్టుకున్నా మొండికేసేది. చివరికొకరోజు తనే, కాస్త సన్నగా, ముక్కుతో, బావమరిది అన్నట్టుగానే "సరే!" అన్నాడు. చెయ్యి కదిలింది. ఆ రోజునుంచీ కేక తనదే, జవాబూ తనదే. గోడవతల పోయేవాళ్లు లోపల ఇద్దరున్నారనుకునేవాళ్లు.

ఇలా ఉండగా నర్సమ్మగారి నుంచి కబురొచ్చింది. ఆవిడ ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది, కానీ ఆసుపత్రి ఆవిణ్ణి మానలేదు. పెరట్లో రెండు యూకలిప్టస్ చెట్లు. ఒకటి పక్కనున్న ఖాళీ స్థలం వైపు వాలింది. రెండోది తిన్నగా కరెంటు తీగ మీదికి ఒరిగింది. ఆ తీగ కింద రేకుల గది, ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒకమ్మాయి అద్దెకుంటోంది.

"ఆ రెండోదాన్ని చూస్తే నాకు నిద్ర పట్టట్లేదయ్యా" అంది నర్సమ్మగారు. "మత్తులో ఉన్న రోగి మంచం మీంచి జారినట్టు, రోజూ ఇంత జారుతోంది."

పైవాడు చెట్టు చుట్టూ తిరిగాడు. వాలినవైపు కాకుండా రెండోవైపు నేల బీటలిచ్చింది. బీటలో వేలు పెడితే వేలు మునిగింది. వేళ్లు లేస్తున్నాయన్నమాట. మబ్బులు పట్టే రోజులు దగ్గర్లోనే ఉన్నాయి. నేల నానిందంటే ఈ చెట్టుని ఆపేవాడుండడు.

"మీరు ఇద్దరొస్తారని చెప్పారే?" అంది ఆవిడ.

"నేనొక్కణ్ణి చాలండి."

"మా డాక్టర్లూ ఇలాగే అనేవాళ్లు. తర్వాత మమ్మల్ని పరుగులు పెట్టించేవాళ్లు."

లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర కరెంటు ఆపాడు. తీగ చచ్చిందో లేదో కర్రతో పరీక్ష చేసి, "ఇక కానీ" అన్నాడు. మొదటి చెట్టు చెప్పిన మాట విన్నట్టు దిగింది. ఖాళీ స్థలంలో అడ్డొచ్చేదేమీ లేదు కదా, కేకా జవాబూ తనే ఇచ్చుకుంటూ సాయంత్రానికి మొదలు దాకా దిగాడు. పడాల్సిన వైపు గాటు పెట్టి, వెనకనుంచి కోసి, మిగిలిన మానుని పడుకోబెట్టాడు. లైన్‌మన్ చప్పట్లు కొట్టాడు. పైవాడికి గర్వంగానే ఉంది. ఎవరూ అక్కర్లేదు, చూశారా అనిపించింది. కానీ చూడాల్సినవాడు అక్కడ లేడు.

మర్నాడు లైన్‌మన్ మళ్లీ కరెంటు ఆపాక రెండోదాని మీదికి ఎక్కాడు. తీగ వైపున్న పెద్ద కొమ్మకి తాడు కట్టాడు. కింద తాడు చివర మొదటి చెట్టు మోడుకి వదులుగా చుట్టి ఉంది. దిగి వెళ్లి బిగించి రావాలి. ఆ సంగతి మనసులో ఉంది కూడా. కానీ నోరు ముందు పని చేసింది. "తాడు!" అన్నాడు. ఆ వెంటనే, ఊపిరి తీసినంత మామూలుగా, సన్నటి గొంతుతో "సరే!" అన్నాడు.

చెయ్యి కదిలింది. చెయ్యికేం తెలుసు, సరే అంటే సరే.

కొమ్మ తెగి జర్రున జారింది. వదులంతా అయిపోయాక తాడు ఒక్క కుదుపు కుదిపింది. కొమ్మ గుండ్రంగా తిరిగి వెళ్లి తీగని ఫెడీమని కొట్టింది. తీగని పట్టి ఉంచే ఇనుప కొక్కెం గోడలోంచి ఊడి వచ్చింది. తీగ రేకుల మీదికి వేలాడింది. కుట్టుమిషను అమ్మాయి కెవ్వున కేకేసి బయటికి పరుగెత్తింది. తీగలో కరెంటు లేదు కాబట్టి సరిపోయింది.

దిగేసరికి లైన్‌మన్ మొహం కందగడ్డలా ఉంది.

"నాకు స్పష్టంగా వినబడింది. ఎవరో సరే అన్నారు. ఎవడు వాడు?"

"నేనే."

"నువ్వు పైనున్నావుగా!"

"పైనుంచే అన్నాను."

లైన్‌మన్ అతన్ని ఎగాదిగా చూశాడు. నర్సమ్మగారు మాత్రం దగ్గరికొచ్చి, అడక్కుండానే అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది. అది అన్నిటికంటే సిగ్గుగా అనిపించింది.

"తీగ నేను బిగిస్తాను. కానీ తాడు దగ్గర తెలిసిన మనిషి లేకుండా నీకోసం మళ్లీ కరెంటు ఆపను. నీ ఒక్కడి ప్రాణమే కాదు ఇక్కడ" అన్నాడు లైన్‌మన్. చెట్టు దిగేదాకా అమ్మాయిని నర్సమ్మగారు తన ఇంట్లో పడుకోమంది. చెట్టు అలాగే, ఒక కొమ్మ తక్కువతో, తీగ మీదికి ఒరిగి ఉంది.

తెలిసిన మనిషి ఒక్కడే. ఎక్కడుంటాడో తెలుసు, కానీ అటు వెళ్లే వీధినే పైవాడు ఏడాదిగా తప్పించుకుని తిరుగుతున్నాడు.

ఒక పెద్ద బట్టల దుకాణం వెనక కార్లు పెట్టే చోట బావమరిదికి ఉద్యోగం. కాస్త వదులైన యూనిఫాం, మెడలో ఈల. వెనక్కొచ్చే కార్లకి దారి చెబుతాడు. మర్నాడు పైవాడు అక్కడికి వెళ్లాడు గానీ వెంటనే పిలవలేదు. స్తంభం చాటున నిలబడ్డాడు.

"రానీ... రానీ... కొంచెం ఎడమకి... ఇంకా ఉంది, రానీ... సరే!"

అదే సన్నటి గొంతు. లోపల డ్రైవరు అద్దంలోకి కూడా చూడకుండా, స్టీరింగు మీద చేతులు పెట్టి ఆ గొంతుని బట్టే వస్తున్నాడు. మొహం ఎరగని మనిషి, ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. పైవాడికి కలిగింది అసూయే, ఇంకేం కాదు.

బావమరిది చూశాడు. "ఏం బావా, కారు కొన్నావా?"

"నర్సమ్మగారింట్లో చెట్టు తీగ మీదుంది."

"ఉంటే?"

"తాడు పట్టాలి."

"మనుషులే కరువయ్యారా?"

"ఉన్నారు. అడక్కముందే సరే అంటున్నారు."

బావమరిది పెదవి చివర కదిలింది, కానీ నవ్వు దాకా రానివ్వలేదు. "మరి నువ్వే పట్టుకో. ఎటూ నువ్వే చూసుకుంటావుగా."

"నిన్న కొమ్మ వెళ్లి తీగకి తగిలింది."

ఆ మాటకి బావమరిది చేతిలో తిప్పుతున్న ఈల ఆగిపోయింది. "కరెంటో?"

"ఆపే ఉంది. ఎవరికీ ఏం కాలేదు."

"సరే అన్నదెవరు?"

"నేనే."

"నువ్వేంటి?"

"ఎవరూ అనకపోతే చెయ్యి కదలట్లేదురా. అందుకని నేనే అంటున్నాను. నీలాగా."

"నాలాగా అంటే?"

"నీ గొంతుతో."

వెనకనుంచి ఒక కారు హారన్ కొట్టింది. బావమరిది ఆగమని చెయ్యి చూపించాడు, అటు తిరగలేదు. "నా గొంతుతో తప్పుడు సరే అన్నావా? ఇన్నేళ్లలో నేను ఒక్కటంటే ఒక్కటి అలా అనలేదు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే చూశావా ఆ రోజు?"

హారన్ మళ్లీ మోగింది. బావమరిది ఈల నోట్లో పెట్టుకుని, మళ్లీ తీసి, "రేపు నాకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే వస్తాను. ఆ ఒక్క చెట్టు వరకే. నా పేరు చెడింది కాబట్టి వస్తున్నా, నీకోసం కాదు" అని కారు వైపు నడిచాడు.

పొద్దున్నే వచ్చాడు, యూనిఫాంలోనే. తాడు పొడవునా చేత్తో తడిమి చూశాడు, నేల బీట చూశాడు, తీగకీ కొమ్మకీ మధ్య ఎడం చూశాడు. "ముందు ఆ పై రెమ్మ తీసెయ్, తర్వాత పెద్దది" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. లైన్‌మన్ కరెంటు ఆపాడు. పైవాడు ఎక్కాడు. తాడు కట్టాడు, పంగలోంచి వదిలాడు. కింద మెలికలు పడటం, తాడు బిగియడం అరచేతికి తెలిసింది. ఆ బిగువు ఇంకెవరికీ రాదు.

"తాడు!"

కిందనుంచి ఏమీ రాలేదు.

"తాడు!"

"చూసుకో బావా" అని వచ్చింది. "కళ్లున్నాయిగా."

పైవాడు బెరడు మీద నుదురు ఆనించాడు. తల కొంచెం తిప్పితే తీగ కనిపిస్తుంది. కొమ్మ సరిగ్గానే ఉందని తెలుస్తుంది, కోసెయ్యొచ్చు. చెట్టు దిగిపోతుంది. కానీ తల తిప్పాడంటే, కింద తాడు పట్టుకున్నవాడు ఇక ఎన్నడూ తన తాడు పట్టడు. అతను కదలకుండా ఉండిపోయాడు. బెల్టు నడుముని కోస్తోంది. ఒక కాలు తిమ్మిరెక్కింది. గాలి వీచినప్పుడల్లా మాను లోపల ఎక్కడో కిర్రుమంటోంది.

"ఏమయిందయ్యా? కళ్లు తిరుగుతున్నాయా?" అని నర్సమ్మగారు.

"నేను టీ తాగొస్తాను. అప్పటికైనా తేల్చుకోండి" అని లైన్‌మన్. అన్నాడే గానీ వెళ్లలేదు.

"నేను చూడను" అన్నాడు పైవాడు, బెరడుతో చెబుతున్నట్టు.

"ఆ రోజు చూశావుగా."

"ఆ రోజు భయమేసిందిరా."

"తీగంటేనా? నేనంటేనా?"

"రెండూ కాదు. పడితే నన్ను ఇంటికి మోసుకొస్తారు కదా. తలుపు తీయడానికి ఎవరూ లేరని గుర్తొచ్చింది. అంతే, ఒళ్లు తిరిగింది."

నర్సమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుని, ఎండ మరీ ఎక్కువగా ఉందన్నట్టు ఆకాశం వైపు చూసింది. కాసేపటికి తాడు ఇంకొంచెం బిగిసింది. అప్పుడు వచ్చింది మాట, ఎప్పుడూ పనిలో వచ్చేలాగే, పొడిగా.

"సరే!"

పైవాడు కోశాడు. కొమ్మ తెగి, గాల్లో ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలిచి, నెమ్మదిగా దిగింది. అది తీగకి ఎంత ఎడంగా దిగిందో అతను చూడలేదు. లైన్‌మన్ "అబ్బా" అనడం మాత్రం వినబడింది. అక్కణ్ణుంచి ఇక కేక, మాట, రంపం. కేక, మాట, రంపం. కొమ్మలు పోయాయి, తల పోయింది, మాను పై ముక్కలు పోయాయి. చివర మిగిలిన మొండెం తీగని అందుకోలేనంత పొట్టిదయ్యాక దిగి, తాడుతో వెనక్కి లాగిపెట్టి, గాటు పెట్టి కోశారు. అది పెరట్లో, తీగకి ఎదురు దిక్కున, బుద్ధిగా పడింది. నేల అదిరి నర్సమ్మగారి వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. కుట్టుమిషను అమ్మాయి రేకుల గది తలుపు తాళం తీసింది.

బావమరిది పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు. యూనిఫాం మీద రంపప్పొట్టు దులుపుకున్నాడు, పూర్తిగా పోలేదు.

"సాయంత్రం ఇంటికి రారా" అన్నాడు పైవాడు. "అన్నం వండుతాను. మరీ అంత చెడ్డగా వండట్లేదు ఇప్పుడు."

బావమరిది ఈల మెడలో వేసుకున్నాడు. "నీకొక్కడికే తలుపు తీసేవాళ్లు లేరనుకుంటున్నావా బావా? ఆ తలుపు నాకు మాత్రం ఎవరు తీసేవాళ్లు, మా అక్క కాక?"

నేను తీస్తాను కదరా అనాలి. అంత చిన్న మాట. అది గొంతులోంచి నోట్లోకి వచ్చేసరికి బావమరిది గేటు దాటి, డ్యూటీకి ఆలస్యమవుతోందని పెద్ద పెద్ద అంగలు వేస్తున్నాడు.

లైన్‌మన్ కరెంటు ఇచ్చాడు. రేకుల గదిలో కుట్టుమిషను టకటకమని మొదలైంది. నర్సమ్మగారు మంచినీళ్లు తెచ్చి, "ఏమవుతాడయ్యా?" అని అడిగింది.

"మా ఆవిడ తమ్ముడండి."

"మళ్లీ వస్తాడా?"

"ఇంకో చెట్టుంటే వస్తాడేమో."

మిగిలింది దుంగల్ని బండి దాకా చేర్చడం. పొద్దున్న పని మొదలుపెట్టేముందే పైవాడు మొదటి చెట్టు మాను మీద సుద్దతో గీతలు గీసి ఉంచాడు, ఇటొకరు అటొకరు పట్టుకుని మోసే పొడవుకి. ఇప్పుడు అదే పొడవున్న ఒక దుంగ చివర పట్టుకుని లేపి చూశాడు. ఈ చివర లేచింది, ఆ చివర నేలకే ఉండిపోయింది. దింపేశాడు. అరచేత్తో ఆ గీతలు చెరిపి, ఒక్కడు భుజాన వేసుకోగలిగినంత పొట్టిగా కొత్త గీతలు గీసుకుని, మిషను రంపాన్ని స్టార్టు చేసే తాడు లాగాడు.